ముగింపు మార్చిన బళ్ళారి వకీలు

నాటక చరిత్ర పాఠం వచ్చినప్పుడు కందుకూరి వీరేశలింగం గారి గురించి, గురజాడ గారి గురించి మనం పేజీలకు పేజీలు రాసేస్తాం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కలతో సరిపెట్టేస్తాం. ఆంధ్ర నాటక పితామహుడు అన్న బిరుదు ఒకటి, తెలుగులో మొదటి విషాదాంత నాటకం రాశారన్న మాట ఇంకొకటి. రెండు మార్కుల ప్రశ్నకి అది చాలు. ఒక మనిషి బతుకుకి మాత్రం చాలదు. అందుకే ఈసారి గోడపత్రికకి ఆయన జీవితం రాస్తానని అడిగి తీసుకున్నాను.

అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను పుట్టి పెరిగింది ముంబయి కామాఠీపురాలో. ఆయన నాటకానికీ మా పేటకీ ఒక దూరపు చుట్టరికం ఉంది. ఆయన మా గల్లీకి వచ్చారని నేను చెప్పబోవడం లేదు. చుట్టరికం ఎలాంటిదో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

రామకృష్ణమాచార్యులు గారు 1853లో అనంతపురం ప్రాంతంలోని ధర్మవరంలో పుట్టారు. పండితుల కుటుంబం. తండ్రి కృష్ణమాచార్యులు గారు. ఇంటి పేరు, ఊరి పేరు ఒకటే. సంస్కృతం, తెలుగు ఇంట్లోనే అబ్బాయి. కన్నడం ఆ నేలదే. ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నారు. ఈ నాలుగు భాషలూ తర్వాత ఆయన నాటకాల్లో నాలుగు స్తంభాలయ్యాయి.

ఆయన పుట్టిన సంవత్సరాన్ని ఒకసారి గుర్తుపెట్టుకోండి. అదే 1853లో ముంబయి గ్రాంట్ రోడ్డు నాటకశాలలో రెండు సంగతులు జరిగాయి. సాంగ్లీ నుంచి విష్ణుదాస్ భావే తన బృందంతో వచ్చి మరాఠీ నాటకాలు ఆడాడు. కొన్ని నెలలకి పారసీ యువకులు తమ మొదటి నాటకం వేశారు. వాళ్లు ఎంచుకున్నది రుస్తుం సొహ్రాబుల కథ, అంటే తెలియక కన్నకొడుకునే చంపుకున్న తండ్రి కథ. కొడుకుని తండ్రే చంపించిన కథని తెలుగులో విషాదంగా రాయబోయే పిల్లవాడు ఆ ఏడే ఎక్కడో రాయలసీమలో ఉయ్యాలలో ఉన్నాడు. ఇది యాదృచ్ఛికమే, నేను దీనికి ఏ అర్థమూ కట్టడం లేదు. కానీ చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఆ నాటకశాల ఉన్న దారే మా కామాఠీపురాకి దక్షిణపు హద్దు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచీ నైజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి జనం అక్కడికి వలస వెళ్లారు. రాయి మోసి, సున్నం కలిపి, మెరక చేసిన నేల మీద ముంబయిని కట్టినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. వాళ్లని అక్కడ కామాఠీలు అన్నారు, పేటకి వాళ్ల పేరే వచ్చింది. పక్కనే ఒకదాని తర్వాత ఒకటిగా నాటకశాలలు వెలిశాయి. ఇంగ్లీషు ప్లే హౌస్ జనం నోట్లో నలిగి పిలా హౌస్ అయింది. ఇప్పటికీ బస్సు కండక్టరుకి ఆ పేరే చెప్పాలి. నాటకశాలలు తర్వాత సినిమా హాళ్లయ్యాయి. గల్లీల్లో కొన్ని ఇంకో రకం బజారుగా మారాయి. ఆ సంగతి మీకందరికీ తెలుసు. కామాఠీపురా అనగానే ఎదుటివాళ్ల ముఖంలో వచ్చే మార్పు నాకూ తెలుసు.

ఆ గ్రాంట్ రోడ్డు నుంచీ, సాంగ్లీ నుంచీ, ధార్వాడ నుంచీ బయల్దేరిన నాటక కంపెనీలు రైలెక్కి దక్షిణానికి వచ్చాయి. 1880లో ధార్వాడ వాళ్లు రాజమండ్రిలో ఆడిన నాటకాలు చూసే వీరేశలింగం గారు తెలుగు నాటకాలు ఆడించడానికి పూనుకున్నారని మన పాఠంలో ఉంది కదా. రాజమండ్రి కన్నా బళ్ళారి ఆ కంపెనీలకి ఇంకా దగ్గర. అప్పటి బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా కేంద్రం. కోట, కంటోన్మెంటు, కోర్టులు, తెలుగు కన్నడాలు కలిసిపోయిన బజారు. ఆ ఊళ్లో రామకృష్ణమాచార్యులు గారు వకీలుగా స్థిరపడ్డారు.

మరాఠీ నాటకాలు బళ్ళారి జనానికి బాగా నచ్చాయి. పగలు కోర్టులో తెలుగు, కన్నడం మాట్లాడే మనుషులు రాత్రి డబ్బిచ్చి ఇంకో భాషలో నాటకం చూసేవాళ్లు. మన భాషలో ఇలాంటిది ఎందుకు ఉండకూడదన్న పట్టుదల ఈ వకీలు గారిది. 1886లో సరసవినోదినీ సభ అన్న నాటక సమాజం పెట్టారు. మరుసటి ఏడు చిత్రనళీయం ఆడారు. నలదమయంతుల కథ. అక్కడితో మొదలై ఆయన దాదాపు ముప్పై నాటకాలు రాశారు. పాదుకా పట్టాభిషేకం, ప్రహ్లాద, మోహినీ రుక్మాంగద, ప్రమీలార్జునీయం, చిరకారి, రోషనార శివాజీ... రాయడమే కాదు, ఆడించారు, తనూ వేషం కట్టారు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. ఆ రోజుల్లో వేషం కట్టేవాళ్లంటే పెద్ద కుటుంబాలకి చిన్నచూపు. నాటకాలవాళ్లకి అద్దెకి ఇల్లివ్వడానికి కూడా వెనకాడేవాళ్లు. అలాంటప్పుడు పరువున్న వకీలు, అందులోనూ ఆచార్య పురుషుల ఇంటివాడు, ముఖానికి రంగు పూసుకుని నలుగురిలో నిలబడ్డాడు. నష్టపోవడానికి ఆయన దగ్గర చాలా ఉంది. కక్షిదారులున్నారు, బంధువులున్నారు, పేరుంది. అన్నీ పణంగా పెట్టారనే నేననుకుంటాను.

నాటకం కట్టుబడిలోనూ ఆయన మార్పులు తెచ్చారు. మన పాత పద్ధతిలో నాటకం అంకాలుగా ఉంటుంది. ఆయన ఇంగ్లీషు నాటకాల పద్ధతిలో అంకాన్ని మళ్లీ రంగాలుగా విడగొట్టారు. అంతఃపురం, వీధి, అడవి దేనికది వేరే రంగం. దానివల్ల కథ చకచకా కదిలింది. పద్యాలకి తోడు పాటలు పెట్టారు. పాటలు ఎక్కువయ్యాయని, భాష గ్రాంథికమని తర్వాతివాళ్లు విమర్శించారు. ఆ విమర్శలో నిజం ఉంది. ఇప్పుడు మనం ఆ నాటకాలు చదవబోతే భాష దగ్గరే కాస్త ఆగాల్సి వస్తుంది.

ఇక విషాద సారంగధర. కథ మీకు తెలిసిందే, అయినా క్లుప్తంగా చెప్తాను. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడు. పట్టపురాణి రత్నాంగి. కొడుకు సారంగధరుడు. ముసలితనంలో రాజు చిత్రాంగి అనే పడుచుపిల్లని పెళ్లాడతాడు. రాజు వేటకి వెళ్లిన వేళ సారంగధరుడు పావురాలాట ఆడుతుంటే ఆయన పావురం చిత్రాంగి మేడ మీద వాలుతుంది. స్నేహితుడు సుబుద్ధి వద్దంటున్నా పావురం కోసం లోపలికి వెళ్తాడు. చిత్రాంగి మనసు విప్పుతుంది. నువ్వు నాకు తల్లివి అని అతను తప్పుకుంటాడు. ఆమె రాజుకి తిరగేసి చెప్తుంది. రాజు విచారణ లేకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. రాజమండ్రిలో సారంగధర మెట్ట అని ఇప్పటికీ ఆ చోటు చూపిస్తారు. చరిత్రలోని రాజరాజనరేంద్రుడికి, అంటే నన్నయ గారి చేత భారతం రాయించిన రాజుకి, ఇలాంటి కొడుకున్నట్టు శాసనాలు ఏవీ చెప్పవు. ఊరు మాత్రం నమ్మింది.

ఈ కథని పదిహేనో శతాబ్దంలో గౌరన నవనాథ చరిత్రలో చెప్పాడు. పదిహేడో శతాబ్దంలో చేమకూర వెంకటకవి సారంగధర చరిత్ర రాశాడు. మన గురజాడ గారు కుర్రతనంలో 1883లో దీన్నే ఇంగ్లీషు కావ్యం చేశారు. మా నాయనమ్మ కామాఠీపురా చాల్‌లో, కరెంటు పోయిన రాత్రుళ్లు వసారాలో చాప వేసి చెప్పేది. ఆమె కథలో చివర సిద్ధుడు వస్తాడు, కాళ్లూ చేతులూ మళ్లీ మొలుస్తాయి, సారంగధరుడు చౌరంగి అనే యోగి అవుతాడు. పక్క గదిలోని మరాఠీ ఆజీ నవనాథుల పోథీ చదివేది. అందులోనూ చౌరంగీనాథుడున్నాడు, సవతితల్లి నింద ఉంది, నరికిన కాళ్లూ చేతులూ ఉన్నాయి. ఒకే వసారాలో రెండు భాషల్లో ఒకే కథ. ఇద్దరు ముసలివాళ్లూ నా కథే అసలుదని వాదించుకునేవాళ్లు. ముగింపు దగ్గర మాత్రం ఇద్దరికీ తగువు లేదు. పిల్లవాడు బతికాడు.

రామకృష్ణమాచార్యులు గారు తగువు పెట్టుకున్నది సరిగ్గా ఆ ముగింపుతోనే. ఆయన నాటకంలో సిద్ధుడి కరుణ అక్కరకు రాదు. పోయినవాడు పోయినట్టే. నాటకం మంగళంగా ముగియాలి, చావుని రంగం మీద చూపకూడదు అన్నది మన సంప్రదాయం. రంగం మీదే దుర్యోధనుడు ప్రాణం వదిలే భాసుడి ఊరుభంగం అప్పటికి లోకానికి తెలియదు. గణపతిశాస్త్రి గారు ఆ నాటకాలని తిరువనంతపురంలో ప్రచురించడం మొదలుపెట్టింది 1912లో. ధర్మవరం వారు కన్నుమూసిన సంవత్సరం అదే. అంటే సంస్కృతంలో తనకి తోడుగా ఒక నాటకం ఉందని తెలియకుండానే ఆయన ఒంటరిగా ఈ పని చేశారు. ఆయనకి ధైర్యమిచ్చింది షేక్‌స్పియర్ లాంటి పాశ్చాత్యుల విషాదాలు.

ఈ నాటకంలో అందరూ ముగింపు గురించే మాట్లాడతారు. నాకు మొదలు ముఖ్యమనిపిస్తుంది. అసలు విషాదం పేరులోనే మొదలైంది. సారంగధర అని ఊరుకోకుండా ముందు విషాద అని చేర్చారు. ప్రేక్షకుల్లో ప్రతి ఒక్కరికీ కాళ్లూ చేతులూ మొలిచే కథే తెలుసు. ఈసారి మొలవవని ఆయన తెర లేవకముందే చెప్పేశారు. ఇక పావురం ఎగిరినప్పుడు అది ఆట కాదు. సుబుద్ధి వద్దన్నప్పుడు అది మామూలు హెచ్చరిక కాదు. చూసేవాళ్లకి తెలుసు, లోపలున్నవాళ్లకి తెలియదు.

గ్రీకులు కూడా దాదాపు ఇలాగే చేశారు. యూరిపిడీస్ రాసిన హిపోలిటస్ క్రీస్తుకు పూర్వం 428లో ఏథెన్సులో ఆడారు. కథ దాదాపు మనదే. సవతితల్లి ఫీద్రా, సవతికొడుకు హిపోలిటస్, నింద, విచారించని తండ్రి. అందులో మొదటి మాట దేవతది. అఫ్రొడైటీ వచ్చి తనని లెక్కచెయ్యని ఈ కుర్రవాణ్ణి ఎలా శిక్షించబోతున్నదో మొదటే చెప్పేస్తుంది. ఫీద్రా పాపం అందులో పావు మాత్రమే. ఆమెకి ఆ ప్రేమ పుట్టించింది దేవత. మన అశోకుడి కొడుకు కునాలుడి కథలోనూ సవతితల్లి తిష్యరక్షిత ఉంది, కళ్లు పోగొట్టుకున్న కొడుకు ఉన్నాడు. అంటే ఈ కథ ఏదో ఒక ఊరిది కాదు. ముసలివాడు పడుచుపిల్లని తెచ్చుకున్న ప్రతి చోటా ఇది పుట్టగలదు.

సారంగధర కథలో దేవత లేదు. దేవత చోట ఒక చిత్రపటం ఉంది. రంగస్థలం మీద మనకి తెలిసిన కథలో చిత్రాంగికి మొదట చూపింది సారంగధరుడి పటం. ఆ పిల్ల అతన్నే భర్తగా అనుకుంది. పెళ్లి మాత్రం తండ్రితో అయింది. పావురం ఎగరకముందే, సారంగధరుడు గడప దాటకముందే ఒక ఘోరం జరిగిపోయింది. అది చిత్రాంగికి జరిగింది. ఆమె తర్వాత చేసిన నేరం చిన్నది కాదు. అబద్ధం ఆడి ఒక ప్రాణం తీయించింది. దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ కథ చెప్పుకునేటప్పుడు మనం ఎక్కడి నుంచి మొదలుపెడతామన్న దాన్ని బట్టి దోషి మారిపోతాడు. పావురం దగ్గర మొదలుపెడితే దోషి చిత్రాంగి. పటం దగ్గర మొదలుపెడితే రాజు.

ఒక వకీలే ఈ కథ ఎందుకు ఎంచుకున్నాడు? ఇది నా ఊహ మాత్రమే. ఆయన రోజూ కోర్టులో రెండు పక్షాల మాటా విన్న తర్వాతే తీర్పు రావడం చూసినవాడు. ఈ కథలో రాజే న్యాయమూర్తి, రాజే ఫిర్యాదీ, ముద్దాయి తరఫున ఒక్క సాక్షిని పిలవలేదు. అలాంటి తీర్పు తర్వాత సిద్ధుడు వచ్చి కాళ్లూ చేతులూ అతికిస్తే రాజు తప్పు కూడా అతుక్కుపోతుంది. అతకకూడదని ఆ వకీలుకి అనిపించి ఉండాలి.

నాటకం బళ్ళారిలోనే ఆగిపోలేదు. 1891లో సరసవినోదినీ సభ మద్రాసు వెళ్లి నాటకాలు ఆడింది. అప్పుడు చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే కుర్రవాడున్నాడు. నాటకాలంటే అప్పటిదాకా ఏవగింపు ఉన్న అతను, చదువుకున్న పెద్దమనుషులు వేషం కట్టి అంత నిష్ఠగా ఆడటం చూసి మారిపోయాడు. ఆ ఏడే మిత్రులతో కలిసి సుగుణవిలాస సభ పెట్టాడు. తర్వాత తమిళ నాటకానికి పెద్ద దిక్కయ్యాడు, తమిళంలో సారంగధర కూడా రాశాడు. తెలుగు నాటకం వెళ్లి తమిళ నాటకాన్ని లేపిందని చెప్పుకోవడానికి మనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

బళ్ళారిలోనే ఇంకో వకీలు, కోలాచలం శ్రీనివాసరావు గారు, సుమనోరమ సభతో పోటీకి నిలిచారు. ఆయన చారిత్రక నాటకాల వైపు వెళ్లారు. ఒకే ఊళ్లో ఇద్దరు వకీళ్లు, రెండు సభలు. ఈ పోటీ నీడలో పెరిగినవాడే ధర్మవరం వారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే మనం బళ్ళారి రాఘవ అని పిలుచుకునే మహానటుడు. 1880లో పుట్టిన రాఘవ కూడా వకీలే. మేనమామ దగ్గర నాటకం రుచి చూసి, పాటల హోరు తగ్గించి, సహజంగా మాట్లాడే నటన వైపు నడిచాడు. మేనమామ మిగిల్చిన ఇంకో పని కూడా అతను అందుకున్నాడు.

ఆ పని మనకి సంబంధించినది. ధర్మవరం వారి కాలంలో చిత్రాంగి వేషం వేసింది మగవాళ్లు. రత్నాంగీ మగవాడే. ఒక ఆడపిల్ల గుండెలో ఉన్న మాటని రాసిందీ, పలికిందీ, చూసి తీర్పు చెప్పిందీ ఎక్కువగా మగవాళ్లే. అప్పటి పరిస్థితి అది. ముప్పై నాటకాలు రాసిన మనిషి ఈ గడప మాత్రం దాటలేకపోయారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని గట్టిగా నిలబడింది రాఘవ. చదువుకున్న గృహిణులని రంగం మీదికి పిలిచాడు. కొమ్మూరి పద్మావతీదేవి గారు అతని పక్కన నటించారు. తర్వాత 1957 సినిమాలో చిత్రాంగి భానుమతి గారయ్యారు.

రామకృష్ణమాచార్యులు గారికి ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు బతికుండగానే వచ్చింది. 1912లో, దాదాపు అరవయ్యేళ్ల వయసులో పోయారు. ఆయన పుట్టిన నూరేళ్లకి, 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్లిపోయింది. తెలుగు నాటకానికి పుట్టిల్లు లాంటి ఊరు అలా పొరుగు రాష్ట్రమైంది. ఆయన పేరు మన నోట్లో పలచబడటానికి అదీ ఒక కారణమేమో. ముంబయి తెలుగువాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. మ్యాపులో గీత ఎటు గీసినా భాష ఎటువైపు ఉండాలో అటే ఉంటుంది.

చివరిగా మన సంగతి. శాఖ వార్షికోత్సవానికి విషాద సారంగధరలో మొదటి భాగం చదివి ప్రదర్శిద్దామని మేడమ్ గారు చెప్పారు కదా. సారంగధరుడికి అయిదుగురు పేర్లిచ్చారు. రత్నాంగికి ముగ్గురు. చివరికి పావురానికి కూడా ఎవరో చెయ్యెత్తారు, అందరం నవ్వాం. చిత్రాంగి ఎదుట మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో నేను అర్థం చేసుకోగలను. పేరు రాస్తే ఏడాదంతా ఆ పేరుతోనే పిలుస్తారన్న భయం. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనన్న భయం. ఊరి పేరు చెప్పడానికి ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకునే నాకు ఆ భయం కొత్త కాదు. మా గల్లీల్లో ఎంతోమంది ఆడవాళ్ల కథ లోకానికి చివరి అంకం నుంచే తెలుసు. వాళ్లకి ముందు ఎవరు ఏ పటం చూపించారో, ఎవరికి ఇస్తామని చెప్పి ఎవరికి అప్పగించారో ఎవరూ అడగరు.

ఆ గడిలో నిన్న సాయంత్రం నా పేరు రాశాను. సుబుద్ధి పాత్రకి ఇంకా ఎవరూ లేరు. పావురం వెనక వెళ్లొద్దని చెప్పడానికి ఒక మంచి స్నేహితురాలు కావాలి. శుక్రవారం లోపు మేడమ్ గారి దగ్గర పేరివ్వండి.